మేళం చెదిరిన వీణ

"ఆ ఫోను నువ్వెత్తకుండా ఉంటే సరిపోయేది" అన్నాడు పృథ్వీరాజ్ మళ్ళీ.

నిన్న సాయంత్రం నుంచీ సాత్విక మొగుడితో మాట మానేసింది. చెప్పాల్సినవన్నీ గిన్నెల చేత చెప్పిస్తోంది. పొద్దున్నుంచీ వంటింట్లో ఒకటే మోత.

ముందుగదిలో సోఫా గోడకి జరిపి, మధ్యలో చాప పరిచారు. చాప మీద పాత పట్టుచీరతో కుట్టిన గలేబులో వీణ ఉంది. ఢిల్లీ జనక్‌పురిలోని ఈ వాటాలో, పలకడం మానేశాక అది బీరువా మీద నుంచి దిగేది ఏడాదికొక్కసారే, దసరాల్లో మూలా నక్షత్రం నాడు. తుడిచి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ పైకెక్కించేవాళ్ళు. ఈసారి దసరా రాకముందే దిగింది. ఎవరో చూసుకోవడానికి వస్తున్నారు. నచ్చితే కొనుక్కుని పట్టుకుపోతారు.

"పెళ్ళిచూపుల్లా ఉంది" అంది జానకీదేవి దివాను మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. ఆవిడ పృథ్వీ తల్లి. ఈమధ్యే రాజమండ్రి నుంచి వచ్చింది. "పిల్లకి ఇష్టమో కాదో మాత్రం ఎవడూ అడగలేదు."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"ఊరుకున్నా ఊరుకోకపోయినా ఒకటేరా. సరస్వతిని ఎవడైనా అమ్ముకుంటాడా? అందులోనూ పెళ్ళాం పుట్టింటి నుంచి తెచ్చుకున్న సరస్వతిని."

పృథ్వీ తల వంచుకుని బాల్కనీ పక్కనున్న చిన్నగదిలోకి, కంప్యూటరు దగ్గరికి వెళ్ళిపోయాడు. అతనికి ఏ కష్టమొచ్చినా ఆ గదే దిక్కు.

నిన్నటి ఫోను సంగతి సాత్విక చెవుల్లో ఇంకా మోగుతోంది. అన్నం వార్చి వచ్చి రిసీవరెత్తితే అవతల ఒక ఆడపిల్ల గొంతు. తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగని పిల్ల. "హలో దీదీ, స్వరసంత డాట్ కామ్‌లో వీణ చూశాం, బొబ్బిలి వీణ. వో అభీ హై క్యా? సింహం చెవి ఒకటి విరిగింది అని రాశారు. మమ్మీ కో చలేగా, పర్లేదు."

వీణ చివర ఉండే ఆ సింహం తలకి ఎడమ చెవి విరిగింది విజయనగరం నుంచి వచ్చేటప్పుడు రైల్లో. పై బెర్తు మీద నుంచి ఎవరిదో ట్రంకుపెట్టె జారిపడింది. అలా చెవి విరిగిన సింహం లోకంలో ఇంకొకటి ఉండదు. సాత్వికకి తన వీణ అమ్మకానికి ఉందని ముక్కూమొహం తెలియని పిల్ల చెబితే తెలిసింది.

"ఉందమ్మా. రేపు మధ్యాహ్నం రండి" అంది.

ఎందుకలా అందో ఆమెకే తెలియదు. కోపంలో అంది. కోపం దిగాక మాట వెనక్కి తీసుకోవడానికి అభిమానం అడ్డొచ్చింది. పాల ప్యాకెట్టుతో పైకొచ్చిన పృథ్వీ సంగతి విని తెల్లబోయాడు. దుకాణం ఖాళీగా కనబడితే ఎవరూ లోపలికి రారని, చూడ్డానికి ఒక్క వస్తువైనా ఉండాలని ఫోటో పెట్టానన్నాడు. నిజంగా ఎవరైనా అడుగుతారని కల్లో కూడా అనుకోలేదన్నాడు. తన వ్యాపారం మీద తనకున్న నమ్మకం అదీ.

దుకాణమంటే గల్లాపెట్టె, బల్లలూ ఉన్నది కాదు. కంప్యూటర్లో ఉంటుంది, అదే స్వరసంత. ఉత్తరాదిలో స్థిరపడ్డ దక్షిణాది వాళ్ళ ఇళ్ళల్లో మూలపడ్డ వీణలూ, మృదంగాలూ, తంబురాలూ అమ్మదలుచుకున్నవాళ్ళు అందులో ఫోటో పెడతారు. కావలసినవాళ్ళు చూసి కొనుక్కుంటారు. గుర్గావ్‌లో ఉద్యోగం మానేసి ఏడాదిగా పృథ్వీ చేస్తున్నది ఇదే. ఆలోచన బాగుందననివాడు లేడు. అందులోకి వచ్చినవాడూ లేడు. అమ్మబోతే అడివి, కొనబోతే కొరివి అని సామెత. పృథ్వీ సంతలో ఆ కొరివి కూడా లేదు, అంతా అడివే.

అతను చేయని ప్రయత్నం లేదు. ఆర్కుట్‌లో గ్రూపు పెట్టాడు. చేరినవాళ్ళంతా చేరిన రోజున హాయ్ చెప్పి మళ్ళీ నోరెత్తలేదు. దక్షిణాది పిల్లలు చదివే ధౌలా కువాన్ కాలేజీలో నోటీసు బోర్డుకి కాగితం అంటించి వచ్చాడు. ఆదివారం పూట అశోకా రోడ్‌లో ఆంధ్రా భోజనానికి లైను కట్టినవాళ్ళకి కార్డులు పంచాడు. సగంమంది దాన్ని భోజనం టోకెననుకుని కౌంటర్లో ఇచ్చారు. కౌంటరతను ఆ కార్డులన్నీ పోగుచేసి తెచ్చి, భయ్యా ఇవి మీవే అనుకుంటా అని చేతిలో పెట్టాడు. ఆ రోజు ఇంటికొచ్చి పృథ్వీ తనే ఆ కథ చెప్పి నవ్వాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. సాత్విక మజ్జిగ కలిపి ఇచ్చి పక్కన కూర్చుంది గానీ ఏమీ అనలేదు.

తర్వాత ఫోన్లు మొదలుపెట్టాడు. తెలిసిన ప్రతి తెలుగింటికీ చేశాడు. అందరూ ఒకటే మాట. వీణ ఉందండీ, అటక మీద ఉంది, వాయించేవాళ్ళు లేరండీ, అమ్మడమా, అబ్బే లేదండీ. ఏళ్ళ తరబడి ముట్టుకోని వస్తువు మీద ఇంత మమకారమేమిటో అతనికి అర్థం కాలేదు.

సాత్వికకి అర్థమైంది. ఇలా అవుతుందని ఆమెకి మొదటిరోజే తెలుసు. వీణ ఉన్న ఇంట్లో పుట్టిన ఏ ఆడపిల్లకైనా తెలుసు. వీణని ఇస్తారు. మేనకోడలికో, శిష్యురాలికో, వీధి చివర నేర్చుకోవాలని ఆశపడే పిల్లకో ఒళ్ళో పెట్టి ఇస్తారు. వెల కట్టి అమ్మరు. ఆ ఒక్క ముక్క మొగుడి చెవిన వేయడానికి ఏడాదిలో ఎన్ని సందర్భాలు రాలేదు! ఆమె చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో తలుచుకుంటే ఆమెకే సిగ్గేస్తుంది. ఈ సంత మూతపడాలని ఆమె కోరుకుంది.

అసలు ఈ సంత పుట్టింది ఆమె వీణ కోసమే. ఢిల్లీలో మొదటి ఎండాకాలానికి వీణ మీది మైనం మెత్తబడి, అందులో నిలబెట్టిన మెట్లన్నీ జరిగిపోయాయి. ఏ మెట్టు మీద వేలు పెట్టినా పలకాల్సిన స్వరం పలకదు. మైనం మళ్ళీ కరిగించి, చెవితో ఒక్కో మెట్టూ సరిచూసి నిలబెట్టడాన్ని మేళం కట్టడమంటారు. ఆ పని తెలిసినవాళ్ళు ఈ ఊళ్ళో దొరకలేదు. పెళ్ళాం కోసం ఇంటర్నెట్లో వారాల తరబడి వెతికిన పృథ్వీకి మేళం కట్టేవాడు కనబడలేదు గానీ, ఇలాంటివాటికి ఒక చోటు లేదే అన్న ఆలోచన మాత్రం దొరికింది. ఆ ఆలోచన వెంట పడ్డాక వీణ సంగతి మరిచిపోయాడు. వీణతో పాటు ఇంకొన్ని కూడా మరిచిపోయాడు.

అంతకుముందు, పెళ్ళయిన కొత్తలో, ఆఫీసు బండి దిగి వచ్చేవాడు. సాత్విక వాయిస్తూ ఉంటే బూట్లు కూడా విప్పకుండా గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూలబడేవాడు. బాగుందనేవాడు కాదు, తల ఊపేవాడు కాదు. వాయించడం అయ్యేదాకా అలా ఉండి, లేచి వెళ్ళి కాళ్ళు కడుక్కునేవాడు. సంగీతం తెలియని మనిషి అలా వినడం ఆమె ఇంకెక్కడా చూడలేదు. ఇప్పుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. ఆ గోడ మాత్రం ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళ చైతు ఫోను చేశాడు. సర్వరు ఖర్చు పెట్టుకుని పృథ్వీతో వాటా కలిపిన స్నేహితుడతను. దసరాలోగా ఒక్కటంటే ఒక్క అమ్మకం జరక్కపోతే తను తప్పుకుంటానని, సైటు ఆపేద్దామని ముందే చెప్పాడు. ఇవాళ ఎవరో వస్తున్నారని తెలిసి అతని గొంతులో ప్రాణం లేచొచ్చింది. మొదటి కస్టమరు ఫోటో సైటు ముందుపేజీలో వేద్దామట, పేపర్లకి చెబుదామట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పృథ్వీ ఊఁ కొడుతూ విన్నాడు. అది ఎవరి వీణో చైతుకి చెప్పలేదు. అన్నం కలిపిన చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

"రాకపోతే బాగుండు" అన్నాడు చివరికి, కంచంతో.

సాత్విక విన్నది. విని, చారు వడ్డించింది.

వాళ్ళు వచ్చారు. తల్లి పేరు జ్ఞానకుమారి, పెద్దాసుపత్రిలో సిస్టరు. యాభై ఏళ్ళుంటాయి. ఉతికి ఇస్త్రీ చేసిన నేతచీర, చేతికి మగవాళ్ళ గడియారం. కూతురు కెరెన్ ధౌలా కువాన్ కాలేజీలో చదువుతోంది. నోటీసు బోర్డు మీద కాగితం చూసి వాళ్ళమ్మకి చెప్పిందట. పృథ్వీ చేసిన అన్ని ప్రయత్నాల్లోకీ పనిచేసింది అదొక్కటే.

జ్ఞానకుమారి సోఫాలో కూర్చోమన్నా వినలేదు. గడియారం విప్పి కూతురికిచ్చి, చాప మీద మఠం వేసుకుంది. గలేబు విప్పాక మాత్రం కాసేపు చేతులు ఒళ్ళోనే పెట్టుకుని ఊరికే చూస్తూ ఉండిపోయింది.

"మాది దివిసీమండీ" అంది జానకీదేవి వైపు తిరిగి. "మా నాన్నగారు చర్చిలో కీర్తనలు పాడేవారు. ఆయన పాడితే నేను వీణ వాయించేదాన్ని. డెబ్భై ఏడు తుపానులో ఇల్లు పోయింది, వీణ పోయింది. నాన్నా పోయారు. తర్వాత చదువు, ఉద్యోగం, ఈ ఊరు. వాయించాలని లేక కాదు. కనబడలేదు, అంతే."

జానకీదేవి చేతిలోని చిక్కుడుకాయ పళ్ళెంలో వేసింది. సరస్వతిని అమ్మడం గురించి దాచుకున్న మాట ఒకటి ఆవిడ నాలిక చివర ఉంది. అది అక్కడే ఆగిపోయింది. "మంచినీళ్ళు తాగమ్మా" అంది.

జ్ఞానకుమారి బిరడాలు తిప్పి శ్రుతి చేసింది. ఒక మెట్టు మీద వేలు పెట్టి మీటింది. అపస్వరం పలికింది. పక్క మెట్టు, అదీ అంతే. కెరెన్ మొహం ముడుచుకుని, "మమ్మీ, యే తో ఖరాబ్ హై" అంది మెల్లిగా. వంటింటి గుమ్మంలో నిలబడ్డ సాత్విక ఒంట్లోకి ఆ అపస్వరం ముల్లులా దిగింది. తన పిల్ల పదిమందిలో తప్పు చదివినట్టు తల దించుకుంది.

జ్ఞానకుమారి ఆపలేదు. మెట్టు ఎక్కడ తప్పిందో చూసుకుని, అక్కడ తీగని పక్కకి లాగి, కావలసిన స్వరం దగ్గరికి తీసుకొచ్చి పలికించసాగింది. తప్పుతోంది, వెనక్కి వెళుతోంది, మళ్ళీ ఎత్తుకుంటోంది. అలా తడుముకుంటూనే ఒక కీర్తన వరస బయటికొచ్చింది. సాత్వికకి ఆ కీర్తన తెలియదు. రాగం తెలుసు. ఆనందభైరవి. చిన్నప్పుడు విజయనగరంలో పంతులమ్మ గారి వసారాలో, వాన పడుతుంటే, తను నేర్చుకున్న ఆనందభైరవి. ఎన్నేళ్ళయింది ఈ ఇంట్లో అది వినపడి! ఆమె ఎడమచేతి వేళ్ళు తమంతట తాము కొంగు అంచుని నొక్కాయి. ఒకప్పుడు తీగల గాట్లు పడి గట్టిపడ్డ ఆ వేళ్ళ కొసలు ఇప్పుడు మెత్తగా, ఎవరివో అన్నట్టున్నాయి.

తలెత్తి చూసింది. గుమ్మం పక్కన గోడకి ఆనుకుని పృథ్వీ కూలబడి ఉన్నాడు.

ఎప్పుడొచ్చి కూర్చున్నాడో. తల ఊపడం లేదు, బాగుందనడం లేదు. వాయించేది ఎవరో, వీణ ఏ స్థితిలో ఉందో అతనికి పట్టినట్టు లేదు. అదే గోడ, అదే మనిషి. సాత్వికకి ఇన్నాళ్ళూ కావలసింది ఇదే, ఇంతే. అది మరొకరు వాయిస్తే తిరిగొచ్చింది.

వీణ ఆగింది. జ్ఞానకుమారి వేళ్ళు దగ్గరగా చూసుకుని వాసన చూసింది.

"ఈ వీణ ఎవరిదమ్మా?" అనడిగింది.

పృథ్వీ గభాల్న లేచాడు. "ఆంటీ, అసలు నేను చెప్పాల్సింది ఏంటంటే, ఇది..."

"నాదేనండీ" అంది సాత్విక. "అమ్మకానికి నేనే పెట్టించాను."

నిన్నటి నుంచి మొగుడి సమక్షంలో ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. జ్ఞానకుమారి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆసుపత్రిలో రోగి ఒకటి, రోగి చుట్టం ఇంకొకటి చెబుతుంటే వినడానికి అలవాటుపడ్డ మనిషి.

"అమ్మేసే వీణ తీగలకి కొబ్బరినూనె ఎవరు రాస్తారమ్మా?" అంది నెమ్మదిగా. "మేళం చెదిరి పలకని వీణకి, తుప్పు పట్టకుండా, ఇంత శ్రద్ధగా."

మొగుడు బజారుకి వెళ్ళినప్పుడల్లా సాత్విక స్టూలెక్కి, గలేబు సగం తీసి, తీగలకి నూనె రాసి దిగుతుందని ఇంట్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అందరికీ తెలిసింది.

జ్ఞానకుమారి వీణ పక్కన పెట్టి లేచింది. బొబ్బిలిలో మేళం కట్టే పెద్దాయన ఒకరు దసరాలకి ఫరీదాబాద్‌లో కొడుకింటికి వస్తున్నాడని, ఆ కొడుకు తమ ఆసుపత్రిలోనే పనిచేస్తాడని చెప్పింది. ఆయన్ని ఇక్కడికే తీసుకొస్తానంది.

"ఇవాళ నేను తీసుకెళ్ళనమ్మా. ముందు మేళం కట్టిద్దాం. కట్టాక ఒక్కసారి నువ్వు వాయించు. అప్పుడు కూడా ఇచ్చేస్తానంటే, కళ్ళకద్దుకుని పట్టుకెళ్తాను. ఇవ్వనంటే, నువ్వు వాయిస్తుంటే వినడానికొస్తాను. నాకు రెండూ ఇష్టమే."

అని కూతుర్ని తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడకి రెండూ ఇష్టం కాదని, ఒకటే ఇష్టమని, వెళ్ళేముందు వీణ మీద ఆవిడ చెయ్యి ఆగిన తీరు చూసిన సాత్వికకి తెలుసు.

జానకీదేవి చిక్కుడుకాయల పళ్ళెం తీసుకుని వంటింట్లోకి నడిచింది. ఆవిడ తనంతట తాను పక్కకి తప్పుకోవడం అరుదు. పృథ్వీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తెర మీద చెవి విరిగిన సింహం.

"తీసేస్తున్నాను" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "నీ వీణని తీసేస్తున్నాను. చైతుకి చెప్పి సైటు కూడా మూయించేస్తాను. గుర్గావ్‌లో పాత బాసు రమ్మంటూనే ఉన్నాడు."

ఏడాదిగా సాత్విక ఎదురుచూసిన మాట. ఏ రోజైనా అతను ఈ మాటంటే ఎంత హాయిగా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకుంది. తీరా అన్నాక హాయి అనిపించలేదు. అతని భుజాలు ముసలివాడి భుజాల్లా వంగి ఉన్నాయి.

"మీకో సంగతి చెప్పాలి" అంది. "వీణలు ఎవరూ అమ్మరండీ. ఇస్తారు. మీరు అమ్మేవాళ్ళ కోసం వెతికారు గానీ, ఎవరికైనా ఇస్తారా అని ఒక్కరినీ అడగలేదు. నేర్చుకునే పిల్ల ఉందని చెబితే ఆ అటకల మీదివన్నీ కిందికి దిగేవి. నాకు మొదటిరోజే తెలుసు."

పృథ్వీ కుర్చీ తిప్పాడు. "తెలిసీ?"

"తెలిసే."

"ఎండలో ఆ కార్డులు పంచుతూ తిరిగాను, సాత్వికా. నువ్వు చూస్తూనే ఉన్నావు."

"చూస్తూనే ఉన్నాను."

"ఎందుకు?"

అబద్ధం చెప్పడానికి చాలా వీలుంది. ఆమెకి ఓపిక లేదు. "మూతపడితే మీరు ఇంటికొస్తారనుకున్నాను" అంది.

"నేను ఇంట్లోనే ఉన్నాను కదా."

"ఊఁ. ఇంట్లోనే ఉన్నారు."

అతను ముందుగదిలోకి, గుమ్మం పక్క గోడవైపు చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు చూశాడు.

అప్పుడు ఫోను మోగింది. ఆ వేళకి ఫోను చేసేది చైతే. పృథ్వీ లేవలేదు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది. వంటింట్లోంచి జానకీదేవి తొంగిచూసి, కొడుకునీ కోడలినీ చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

సాత్విక వెళ్ళి రిసీవరెత్తింది.

"వదినా, వాళ్ళొచ్చారా? ఏమైంది? సైటు ఉంటుందా?" చైతు గొంతులో ఆత్రం గదంతా వినిపించింది.

సాత్విక మొగుడి వంగిన భుజాల వైపు చూసింది. చాప మీది వీణ వైపు చూసింది.

"వచ్చారు చైతూ. అమ్ముడుపోయింది. దసరాలకి తీసుకెళ్తారు."

అవతల చైతు ఏదో అరుస్తుండగానే ఫోను పెట్టేసింది. పృథ్వీ ఇవతలికొచ్చి నిలబడ్డాడు.

"ఆవిడ తీసుకెళ్తానన్లేదు. మేళం కట్టాక నిన్ను వాయించమంది. వాయించి అప్పుడు చెప్పమంది."

సాత్విక చాప మీద కూర్చుని గలేబు వీణ మీదికి లాగింది. సింహం తల లోపలికి పోయింది.

"వాయించమని అడక్కండి" అంది. "మేళం కట్టిన రోజు ఆవిడ అడిగినా, మీరు మాత్రం అడక్కండి. వాయిస్తే ఇవ్వలేను."

గలేబు తాడు ముడి వేయబోయింది. అది ఎంతకీ పడలేదు. పృథ్వీ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు గానీ, ఆ తాడు పట్టుకోవాలో విప్పాలో అతనికి తెలియలేదు.